స్పర్శ లేని పాదాలు

“నేను రాసినట్టే జరిగిందండి,” అంది అశ్విని. “ఆయన పాదాలకి స్పర్శ లేదని రాశాను. స్పర్శ లేకే చచ్చిపోయారని అంటున్నారు. నా చేతి రాత తగిలిందండి ఆయనకి.”

రాజమండ్రిలో నా ఆఫీసుకు వచ్చి, నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చుంది. పాతికేళ్ళు ఉంటాయేమో. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే రెండు చేతులతో పట్టుకుంది గాని తాగలేదు.

డిటెక్టివ్ దగ్గరికి జనం ధైర్యం కోసం వస్తారు. నా దగ్గర ఆ సరుకు లేదు. అంతర్వేది తీరంలో వేటకు వెళ్ళే మా నాన్న ముచ్చటపడి నాకు వీరదుర్గ అని పేరు పెట్టాడు. ఆ పేరుకూ నాకూ పొంతన లేదని ఇంటిల్లిపాదీ ఇప్పటికీ నవ్వుకుంటారు. పిల్లి దూకినా ఉలిక్కిపడతాను. అయితే పిరికివాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది, గడియ పెట్టిన తలుపును కూడా మళ్ళీ లాగి చూస్తారు. ఈ వృత్తిలో నాకు అన్నం పెడుతున్నది ఆ అలవాటే.

“మొదటినుంచీ చెప్పు. ఆ త్రిమూర్తులు గారు మీ క్లినిక్‌కి ఎందుకొచ్చారు?”

“ఆనెకాయలు కోయించుకోడానికండి. రెండు పాదాల్లోనూ ఉన్నాయి. భీమవరం అవతల రొయ్యల చెరువులున్నాయండి ఆయనకి. ఓ ఐస్ ఫ్యాక్టరీ కూడా ఉండేది, ఆమధ్య కాలిపోయింది. డాక్టరు గారు కోసి పంపించేశారు. బిల్లు నాకొచ్చింది.”

అశ్విని శ్రీపాద ఫుట్ క్లినిక్‌లో కోడర్. డాక్టరు చేసిన వైద్యాన్ని అంకెల్లోకి మార్చి బీమా కంపెనీకి పంపడం ఆమె పని. రోగానికి ఒక కోడ్ ఉంటుంది, చేసిన వైద్యానికి ఒక కోడ్ ఉంటుంది. ఆ రెండూ ఒకదానికొకటి పొసిగితేనే కంపెనీ డబ్బు ఇస్తుంది.

“ఉత్త ఆనెకాయ కోస్తే కంపెనీ ఇవ్వదండి. అది గోళ్ళు తీయించుకోవడం లాంటిదే అంటారు. అదే షుగరు ముదిరి పాదానికి స్పర్శ పోయిన మనిషికి కోస్తే వైద్యం కింద లెక్క. అందుకని మా మేనేజరు గణేష్‌బాబు గారు ఆనెకాయలతో వచ్చిన ప్రతివాళ్ళకీ షుగరు, స్పర్శ లేదు అని కోడ్ వేయమంటారు.”

“త్రిమూర్తులు గారికి షుగరుందా?”

“లేదండి.”

“స్పర్శ?”

“డాక్టరు గారు దాని మాటే రాయలేదండి. నేనే రాశాను.” గ్లాసు బల్ల మీద పెట్టింది. “ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎన్నాళ్ళిలా అనిపించింది. మర్నాడు బుధవారం, గణేష్‌బాబు గారికి చెప్పకుండా, షుగరు లేదు, స్పర్శ ఉంది అని దిద్ది మళ్ళీ పంపాను. దిద్దినది కంపెనీ ఒప్పుకుంటే పాతది ఫైల్లోంచి పోతుందండి. తర్వాత ఎవరు తెరిచినా కొత్తదే కనిపిస్తుంది. నాది ఒప్పుకోలేదనుకుంటా.”

“ఎందుకలా అనుకుంటున్నావు?”

“ఆదివారం మధ్యాన్నం ఆయన తన చెరువులోనే కరెంటు కొట్టి చచ్చిపోయారు. ఆయన బీమాలన్నీ ఆ ఒక్క కంపెనీలోనేనండి. వాళ్ళ తరఫున సుకుమార్ గారని ఒక ఇన్వెస్టిగేటర్ వచ్చారు. ఫైల్లో స్పర్శ లేదని స్పష్టంగా ఉంది, అందుకే నీళ్ళలో కరెంటు ఉన్నా కాళ్ళకి తెలీక లోపలికి నడిచి పోయాడు అని రాసేశారు. ఆయన చదివారంటే పాతదే ఉందన్నమాట కదండి.”

“నువ్వు చూడలేదా?”

“సోమవారమే నా లాగిన్ ఆపేశారు. ఆయనకి షుగరే లేదని ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తే, గణేష్‌బాబు గారు అంతా నా మీదకి తోసేశారు. తప్పుడు రికార్డు రాసిందని నా మీద కేసు పెడతారట. రేపు పొద్దున్న స్టేషన్‌కి రమ్మన్నారు.” అప్పటిదాకా పట్టి ఉంచిన ఏడుపు ఒక్కసారి బయటపడింది. “జైలుకి పంపితే పంపనీయండి. ఆయన నా వల్ల చచ్చిపోలేదని ఒక్కరు చెబితే చాలు.”

సుకుమార్‌ని నేను ఎరుగుదును. ఈ రెండు గోదావరి జిల్లాల్లోనూ నేను ఎక్కడ తవ్వితే అక్కడ నాకంటే ముందు వచ్చి కూర్చునే మనిషి. ఎప్పుడూ నవ్వు ముఖమే, ఎప్పుడూ ‘గారు’ అనే పిలుపే. ఆ మర్యాదే నాకు భయం.

అయినా సరే, వేరే ఉద్యోగం చూసుకోమని నన్ను నేను తిట్టుకుంటూ కారు తీశాను. ఒంటరిగా ఉండనని అశ్విని నా వెంటే వచ్చింది. దారిలో తన స్నేహితురాలు పావనికి ఫోను చేసింది. పావని కూడా ఆ క్లినిక్ ఉద్యోగే. వీలు చూసుకుని ఆ ఫైలు తెరిచి, తను దిద్దినది కంపెనీకి చేరిందో లేదో చెప్పమని బతిమాలింది.

*

త్రిమూర్తులు గారి ఇల్లు చెరువు గట్టుకు ఆనుకునే ఉంది. ఆయన భార్య మరిడమ్మ గారు వరండాలో చాప మీద కూర్చున్నారు. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. నేను ఎవరో చెప్పాను. అశ్విని ఎవరో చెప్పలేదు. చెబుతుందేమోనని ఆ అమ్మాయి వైపు భయంగా చూశాను. తలుపు చాటున తల దించుకుని నిలబడి ఉంది.

“అమ్మా, మీ ఆయనకి కాళ్ళు తిమ్మిరెక్కడం, చెప్పులు జారిపోయినా తెలీకపోవడం లాంటివి ఉండేవా?”

“ఏంటండి, అందరూ అదే అడుగుతారు?” ఆమె గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. “ఆయన కాళ్ళకి తెలీకపోవడమేంటి. ఆనెకాయలు కోయించుకొచ్చిన కాణ్ణించీ గచ్చు మీద కాలు పెట్టలేకపోయేరు. లేత సర్మం వొచ్చిందే, ఇసక రేణువు తగిలినా పేణం పోతందే అనేవోరు. నా మెత్త సెప్పులు ఏసుకుని తిరిగేరండి ఇంట్లో.”

“చెరువులో ఎప్పుడైనా కరెంటు లీకైందా?”

“మొన్న తొలకర్లో అయ్యిందండి. దిగేముందు ఓ కాలు ముంచి సూస్తారు కదా, అలా ముంచి, జిల్లుమంటంది, మెయినాపండ్రా అని కేకేసేరు. కూలోళ్ళు అప్పటికి దిగబోతన్నారు. అందరికంటే ముందు ఆయన కాలికే తెలిసేదండి.”

కాలికి తెలిసే మనిషి కరెంటు ఉన్న నీళ్ళలోకి అంతదూరం నడవడు. అంటే ఆయన దిగినప్పుడు నీళ్ళలో కరెంటు లేదు. దిగాక వచ్చింది. అది తనంతట తాను రాదు.

“ఈమధ్య ఎవరితోనైనా తగాదా పడ్డారా?”

మరిడమ్మ గారు చుట్టూ ఉన్నవాళ్ళను చూసి గొంతు తగ్గించారు. “ఐస్ ఫ్యాక్టరీ కాలిపోయింది కదండి. ఆ ఇన్సూరెన్సు పాస్ సేయించడానికి కంపినీ మనిషెవరో వాటా అడుగుతున్నాడంట. సోమారం ఐదరాబాదు ఎల్లి పెద్దోళ్ళకి సెప్పేత్తాను అన్నారు. ఆదివారమే ఎల్లిపోయేరు.”

“ఎవరో పేరు చెప్పలేదా?”

“సెప్పలేదండి. ఫోన్లో మాటాడుకునేవోరు. ఆదివారం కూడా ఫోనొత్తేనే బయటికెళ్ళేరు.”

*

చెరువు దగ్గర ఎవరూ లేరు. యజమాని పోయాక కాపలావాళ్ళు భయపడి రావడం మానేశారట. గట్టు మీద రేకుల షెడ్డు ఉంది, అందులో మెయిన్ బోర్డు. అక్కణ్ణుంచి ఒక వైరు కర్రల మీదుగా చెరువు మధ్యలో ఉన్న ఏరియేటర్ దాకా పోతోంది. ఏరియేటర్ అంటే రొయ్యలకు గాలి అందేలా నీళ్ళను చిలికే రెక్కల యంత్రం. అదిప్పుడు ఆగిపోయి ఉంది. నీళ్ళు కదలడం లేదు. మంచి ఎండలో కూడా నాకు చలేసింది.

మనుషులు దిగే మెట్టు పక్కన వైరు కిందికి వేలాడి నీళ్ళను తాకుతోంది. అక్కడే జానెడు మేర పైతొడుగు లేదు. రాసుకుని రాసుకుని ఊడిపోయిందని సుకుమార్ రిపోర్టులో ఉన్నట్టు అశ్విని చెప్పింది. నేను ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి చూశాను. రాసుకున్న తొడుగు పీచుపీచుగా ఉంటుంది. ఇది చాకుతో కోసినట్టు నున్నగా ఉంది. లోపలి రాగి తీగ ఇంకా మెరుస్తూనే ఉంది. ఈ ఉప్పుగాలికి నాలుగు వారాలు ఆగితే నల్లబడిపోవాలి.

“పాపం, కళ్ళద్దాలు మరిచిపోయినట్టున్నారు వీరదుర్గ గారు.”

ఉలిక్కిపడి తిరిగాను. వెనకాల సుకుమార్ నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, చేతిలో కారు తాళాలు, ముఖాన ఆ నవ్వు.

“కోడరు మీ ఆఫీసులోకి వెళ్ళడం చూశానని గణేష్‌బాబు చెప్పాడు, ఇక్కడికే వస్తారనుకున్నాను. అందుకే వచ్చాను. ఆడవాళ్ళు ఒంటరిగా ఇలాంటి చోటికి రావడం మంచిది కాదండి.” అశ్వినిని పైనుంచి కిందికి చూశాడు. “ఈ అమ్మాయేనా కోడరు? పాపం చిన్నపిల్ల. కేసు పెద్దదే మరి.”

అశ్విని నా వెనక్కి జరిగింది.

“ఈ తొడుగు ఎవరో కోసింది, సుకుమార్ గారూ. ఊడింది కాదు,” అన్నాను. మాట తడబడకుండా ఉండటానికి పళ్ళు బిగించాను.

“కోసి ఎవరు మాత్రం ఏం చేస్తారండి? కాలు పెట్టగానే జిల్లుమంటుంది, ఎవరైనా వెనక్కి దూకుతారు. ఈయన దూకలేదు. ఎందుకంటే కాళ్ళకి తెలీదు. నడుచుకుంటూ మధ్యదాకా పోయాడు, ఏరియేటర్ ఇనపకమ్మీ పట్టుకున్నాడు, అయిపోయింది. షుగరు దాచి ప్రమాదబీమా చేయించుకున్నాడు కాబట్టి కంపెనీ ఇచ్చేది లేదు. మీరు వందసార్లు వంగి చూసినా ఇంతే.”

“ఆయన పాదాలకి స్పర్శ ఉందని భార్య చెబుతోంది.”

“భార్య చెబుతుందండి. డబ్బు రావాలి కదా. క్లినిక్ రికార్డు ఏం చెబుతోంది? సోమవారం పొద్దున్న కేసు నా చేతికి వచ్చాకే ఆ ఫైలు మొదటిసారి తెరిచాను. అందులో రాసి ఉంది. రెండు పాదాలకీ స్పర్శ లేదు అని. నేను కల్పించానా?”

“రికార్డు తప్పైతే?”

“తప్పైతే ఆ తప్పు రాసినవాళ్ళు జైలుకి పోతారు. ఒప్పైతే ఇంటికి పోతారు. మీ అమ్మాయికి ఏది కావాలో మీరే అడగండి.” మళ్ళీ నవ్వాడు. “మీకు భయమెక్కువ కదా, ఇంటికి వెళ్ళి కాస్త కాఫీ తాగండి.”

కోపం వచ్చింది. నాకు కోపం వచ్చేది తక్కువ, వస్తే మాత్రం తెలివితక్కువ పనులు చేస్తాను. త్రిమూర్తులు గారు చివరిక్షణంలో నిలబడిన చోటు నుంచి ఏం కనిపిస్తుందో చూడాలనుకున్నాను. షెడ్డులోకి వెళ్ళి బోర్డు మీది మూడు ఫ్యూజులూ నా చేతులతోనే పీకి బల్ల మీద పెట్టాను. నా ఫోను అశ్వినికి ఇచ్చాను. మెట్టు మీద కూర్చుని ముందు కాలి బొటనవేలు ముంచాను, తరవాత మడమ, తరవాత రెండో కాలు. సుకుమార్ షెడ్డు గుమ్మంలో నీడన నిలబడి చేతులు కట్టుకుని ఈ సర్కసు చూస్తున్నాడు.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుముకు వచ్చాయి. కింద బురద పాదాలను పట్టుకుని వదలడం లేదు. ప్రతి అడుగుకీ లాక్కోవాల్సి వస్తోంది. ఏవో కాళ్ళకు తగిలి చిటుక్కుమని తప్పుకుంటున్నాయి, రొయ్యలే అని తెలుసు, అయినా కెవ్వుమనకుండా ఉండటానికి పెదవి కొరుక్కున్నాను. చివరికి ఏరియేటర్ దగ్గరికి చేరి వెనక్కి తిరిగాను.

షెడ్డు గుమ్మం సూటిగా కనిపించింది. గుమ్మంలో నిలబడిన మనిషి ముఖం, చొక్కా గుండీలతో సహా కనిపిస్తోంది. త్రిమూర్తులు గారు మెయిన్ వేసిన మనిషిని చూసే ఉంటారు. ఫోను చేసి రప్పించిన మనిషి, గట్టు మీద నిలబడి మాట్లాడుతూ, ఆ ఏరియేటర్ ఎందుకో తిరగడం లేదు చూడండి అని ఉంటాడు. ఈయన దిగి ఉంటారు. కాలికి ఏమీ తగలలేదు కాబట్టి నమ్మి ఇక్కడిదాకా వచ్చి ఉంటారు. ఆయన చివరిసారి చూసింది ఆ గుమ్మాన్నే.

అప్పుడు గట్టు మీద అశ్విని ఫోను మోగింది.

ఆమె ఏం వింటోందో నాకు వినబడలేదు. ముఖం మాత్రం కనిపిస్తోంది. పొద్దుట్నుంచీ బిగుసుకుపోయి ఉన్న ఆ ముఖం మెల్లగా సడలిపోయింది. ఏడుస్తూ నవ్వుతోంది.

“మేడమ్, పావని అండి,” అని అక్కణ్ణుంచే కేకేసింది. “నేను దిద్దింది చేరిందటండి. శుక్రవారం పొద్దున్నే కంపెనీ వాళ్ళు ఒప్పేసుకున్నారట. స్పర్శ లేదన్న ముక్క శుక్రవారం నుంచీ ఫైల్లో లేనే లేదటండి. ఆయన పోయింది ఆదివారం. నా వల్ల కాదండి మేడమ్, నా వల్ల కాదు.”

నాకు కూడా ఆనందం పొంగుకొచ్చింది. ఒక్క క్షణమే.

అశ్విని కళ్ళు తుడుచుకుని, పసిపిల్లలా సుకుమార్ వైపు తిరిగింది. “అయితే సార్, మీరు తెరిచింది సోమవారం కదండి. అప్పటికి అది లేదు కదా. మరి మీరు ఎక్కడ చదివేరండి?”

గట్టు మీద ఒక కొంగ ఎగిరి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దుటికి ఆ మాట ఫైల్లోంచి పోయింది. చదివినవాడు దానికి ముందే చదివి ఉండాలి. అప్పటికి త్రిమూర్తులు గారు బతికే ఉన్నారు. చావుల మీద విచారణ చేసే మనిషికి బతికున్న మనిషి ఆనెకాయల బిల్లుతో ఏం పని? పని ఉంది. వాటా అడిగినవాడు, ఆ మనిషి నోరు మూయించడానికి దారి వెతుకుతూ అతని ఫైళ్ళన్నీ తిరగేశాడు. పాదాలకి స్పర్శ లేదు అన్న మాట కంటబడింది. క్లినిక్ వాళ్ళకు అది అబద్ధమని తెలుసు, ఇంట్లోవాళ్ళకు అబద్ధమని తెలుసు. ఆ పాదాలను ఎన్నడూ చూడకుండా కాగితాన్ని నమ్మినవాడు ఒక్కడే. ఆ నమ్మకం మీదే చావుకు కథ అల్లాడు. అది ఈలోగా మారిపోయిందని తెలుసుకోలేదు. ముందే ఒకసారి చదివిన ఫైలు కాబట్టి సోమవారం మళ్ళీ తెరవనే లేదు.

నేను నడుం లోతు నీళ్ళలో ఉన్నాను. సుకుమార్ షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. బల్ల మీద ఫ్యూజులు అతనికి చెయ్యి చాచేంత దూరంలో ఉన్నాయి.

సుకుమార్ కట్టుకున్న చేతులు విప్పాడు. కోపం లేదు, కంగారు లేదు. “ఎంత తెలివైన పిల్లవమ్మా,” అన్నాడు అశ్వినితో. “ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?”

అశ్విని తల అడ్డంగా ఊపబోయింది. ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. లేదండీ, ఇప్పుడే కదండీ తెలిసింది అని అనబోతోంది. అంటే చాలు, రాజమండ్రిలో దింపుతాను రామ్మా అని కారు ఎక్కించుకుంటాడు. సంతోషంలో ఉన్న పిల్ల ఎక్కేస్తుంది. నన్ను మాత్రం, పిరికిది కదా, బెదిరిస్తే నోరు మూసుకుంటుంది అనుకుని వదిలేయవచ్చు. నేను మాట్లాడకుండా ఉంటే బహుశా బతుకుతాను. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని చెప్పను.

“నాకు చెప్పింది,” అన్నాను గట్టిగా. “దిద్దిన సంగతి పొద్దున్నే చెప్పింది. ఆ అమ్మాయికి దాని అర్థం తెలీదు, నాకు తెలిసింది. వచ్చేదారిలో భీమవరం స్టేషన్‌లో ఆగి మీ పేరుతో సహా రాసిచ్చే వచ్చాను.”

ఒక్క ముక్క నిజం లేదు. స్టేషన్ గుమ్మం కూడా తొక్కలేదు. కాని నా గొంతు వణకలేదు.

సుకుమార్ మొదటిసారి నవ్వడం మానేసి నన్ను చూశాడు.

“అశ్వినీ, ఇంట్లోకి వెళ్ళమ్మా,” అన్నాను. “మరిడమ్మ గారి దగ్గరికి. నువ్వెవరో ఆమెతో చెప్పు, పావని చెప్పిన మాట కూడా చెప్పు. అక్కడున్న అందరికీ వినబడేటట్టు చెప్పు. నేను వచ్చేదాకా ఆ వరండా దిగొద్దు.”

“అలాగేనండి,” అంది. ఆ చిన్నపిల్ల గుండెల మీంచి బరువు దిగిన నడకతో, దాదాపు పరుగులాంటి నడకతో, గట్టు వెంట వెళ్ళింది. సుకుమార్ రెండడుగులు ఆమె వెంట వేశాడు. వరండాలో ఆడవాళ్ళు లేచి నిలబడి ఇటే చూస్తున్నారు. ఆగిపోయాడు.

తిరిగి నా వైపు చూశాడు. ఒడ్డు ఎంత దూరం ఉందో నేను చూసుకున్నట్టే అతనూ చూసుకున్నాడు. నేను బురదలోంచి కుడికాలు పీక్కుంటుండగా, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, అతను షెడ్డులోకి వెళ్ళాడు.